అపోఇ జన్యువు - ఆల్జీమర్స్ వ్యాధి

అపోఇ (పూర్తి పేరు అపోలిపోప్రోటీన్-ఇ) మానవులలో 19వ క్రోమోజోముపై ఉండే ఒక జన్యువు. రక్తంలోను, మెదడులోను కొలెస్టరాల్ వంటి కొవ్వు పదార్థాలను ఒక చోటి నుండి మరొక చోటికి చేరవేసే ఒక ప్రోటీను తయారీకి కావలసిన సమాచారం ఈ జన్యువులో ఉంటుంది. ఈ జన్యువు మనుషులందరిలోను ఉన్నది, కాని అందరిలోను ఒకే రూపంలో లేదు. దీనికి ఇ2, ఇ3, ఇ4 అనే మూడు ముఖ్యమైన రూపాలు ఉన్నాయి. ఇ4 రూపం ఉన్నవారికి వృద్ధాప్యంలో ఆల్జీమర్స్ వ్యాధి వచ్చే అవకాశం ఎక్కువ, ఇ2 రూపం ఉన్నవారికి తక్కువ. జనంలో విరివిగా కనిపించే జన్యు భేదాలలో వృద్ధాప్యపు ఆల్జీమర్స్ వ్యాధిపై ఇంతటి బలమైన ప్రభావం చూపేది మరొకటి ఇంతవరకు తెలియలేదు.

అయినప్పటికీ ఇ4 ఉన్నవారందరికీ ఈ వ్యాధి రాదు. ఇ4 లేనివారికి రాదని కూడా చెప్పలేము. ఒక జన్యువు వ్యాధిని కలిగించడం వేరు, వ్యాధికి లోనయ్యే అవకాశాన్ని పెంచడం వేరు. తల్లికో తండ్రికో ఈ వ్యాధి వచ్చినప్పుడు "రేపు నాకూ ఇదే గతి పడుతుందా?" అని బాధపడే పిల్లలకు ఈ రెండింటి మధ్య గల తేడా తెలియడం చాలా అవసరం.

ఆల్జీమర్స్ వ్యాధి

ఆల్జీమర్స్ వ్యాధి మెదడులోని నాడీకణాలు క్రమక్రమంగా నశించడం వలన కలిగే వ్యాధి. చిత్తవైకల్యానికి (డిమెన్షియా) గల కారణాలలో ఇది ప్రధానమైనది. మన ఇళ్ళలో చాలా కాలం దీనిని వృద్ధాప్యపు మతిమరుపు అనో, చాదస్తం అనో సరిపెట్టుకునేవారు. కాని ఇది మామూలు మతిమరుపు కాదు. పప్పులో ఉప్పు వేయడం మరచిపోవడం ఎవరికైనా జరిగేదే. ముప్పై ఏళ్ళుగా నడిచిన వీధిలో సొంత ఇల్లు గుర్తుపట్టలేకపోవడం వ్యాధి లక్షణం కావచ్చు.

జర్మనీ వైద్యుడు ఆలోయిస్ ఆల్జీమర్ 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలోని మానసిక చికిత్సాలయంలో ఆగస్టి డిటెర్ అనే 51 ఏళ్ళ రోగిని పరీక్షించాడు. ఆమె 1906లో మరణించిన తరువాత ఆమె మెదడును సూక్ష్మదర్శిని క్రింద పరిశీలించి, నాడీకణాల వెలుపల పేరుకున్న పదార్థపు మచ్చలను, కణాల లోపల చిక్కుపడిన దారపు పోగుల వంటి ముడులను గుర్తించాడు. అదే సంవత్సరం నవంబరులో ట్యూబింగెన్‌లో జరిగిన వైద్యుల సమావేశంలో ఈ విషయాన్ని వివరించాడు. 1910లో ఎమిల్ క్రేపెలిన్ తన గ్రంథంలో ఈ వ్యాధికి ఆల్జీమర్ పేరు పెట్టాడు. ఆ మచ్చలలో ఉండేది అమైలాయిడ్-బీటా అనే ప్రోటీను ముక్క అని, ముడులలో ఉండేది టౌ అనే ప్రోటీను అని 1980వ దశకంలో తెలిసింది.

జన్యు భేదం అంటే ఏమిటి

మానవుని డీఎన్‌ఏలో సుమారు 300 కోట్ల రసాయనిక అక్షరాలు ఉన్నాయి. ఇవి ఎ, టి, జి, సి అనే నాలుగు రకాలు. ప్రోటీనుల తయారీకి సూచనలిచ్చే జన్యువులు సుమారు 20,000. ఏ ఇద్దరు మనుషులను తీసుకున్నా వారి డీఎన్‌ఏలో ప్రతి వెయ్యి అక్షరాలకు దాదాపు ఒకటి చొప్పున తేడా కనిపిస్తుంది. ఈ తేడాలనే జన్యు భేదాలు లేదా జన్యు వైవిధ్యం అంటారు.

తెలుగు మాటలతో దీనిని పోల్చి చూడవచ్చు. "కల" అనే మాటలో ల బదులు ళ వ్రాస్తే "కళ" అవుతుంది, అర్థం పూర్తిగా మారిపోతుంది. "అందరూ" అని వ్రాయవలసిన చోట "అందరు" అని వ్రాస్తే అర్థానికి పెద్దగా భంగం కలుగదు. జన్యువులలోని అక్షర భేదాలు కూడా ఇటువంటివే. ఎక్కువ భాగం ఏ ప్రభావమూ చూపవు. కొన్ని రంగు, ఎత్తు వంటి లక్షణాలలో తేడా తెస్తాయి. కొన్ని మాత్రం ఏదో ఒక వ్యాధికి లోనయ్యే అవకాశాన్ని పెంచుతాయి లేదా తగ్గిస్తాయి.

ప్రతి వ్యక్తిలోను ఒక్కొక్క జన్యువుకు రెండు ప్రతులు ఉంటాయి. ఒకటి తల్లి నుండి, మరొకటి తండ్రి నుండి వస్తుంది. లైంగిక క్రోమోజోములపై ఉన్న జన్యువుల విషయంలో కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అపోఇ ఆ కోవకు చెందదు.

కారణమయ్యే మార్పు, ముప్పును పెంచే భేదం

జన్యువులకు, మెదడు వ్యాధులకు గల సంబంధం రెండు విధాలుగా ఉంటుంది.

మొదటి విధంలో ఒకే ఒక జన్యువులోని మార్పు వ్యాధిని కలిగించడానికి చాలుతుంది. హంటింగ్టన్ వ్యాధి దీనికి ఉదాహరణ. 4వ క్రోమోజోముపై ఉన్న ఒక జన్యువులో సి-ఎ-జి అనే మూడక్షరాల వరుస మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఈ వరుస 40 సార్లు గాని అంతకు మించి గాని పునరావృతమైతే, ఆ వ్యక్తి సాధారణ ఆయుర్దాయం జీవించినట్లయితే వ్యాధి తప్పక వస్తుంది. తల్లిదండ్రులలో ఒకరికి ఈ మార్పు ఉంటే ప్రతి సంతానానికి అది సంక్రమించే అవకాశం సగానికి సగం. ఈ జన్యువును 1993లో గుర్తించారు.

ఆల్జీమర్స్ వ్యాధిలో కూడా ఇటువంటి రకం ఒకటి ఉన్నది, కాని అది చాలా అరుదు. 21వ క్రోమోజోముపై ఉన్న ఏపీపీ జన్యువు (1991లో వ్యాధితో దీని సంబంధం తెలిసింది), 14వ క్రోమోజోముపై ఉన్న ప్రెసెనిలిన్-1, 1వ క్రోమోజోముపై ఉన్న ప్రెసెనిలిన్-2 (ఈ రెండూ 1995లో తెలిశాయి) అనే మూడు జన్యువులలో కొన్ని మార్పులు ఉన్నవారికి వ్యాధి సాధారణంగా 65 ఏళ్ళ లోపే, ఒక్కొక్కప్పుడు నలభైలలోనే మొదలవుతుంది. మొత్తం ఆల్జీమర్స్ రోగులలో వీరు సుమారు ఒక శాతం లేదా అంతకంటె తక్కువ.

రెండవ విధంలో జన్యు భేదం ఒంటరిగా వ్యాధిని కలిగించలేదు. వయస్సు, ఇతర జన్యువులు, రక్తపోటు, చదువు, జీవన విధానం వంటి అనేక అంశాలతో కలిసి వ్యాధి వచ్చే అవకాశాన్ని కొంత అటూ ఇటూ జరుపుతుంది. 65 ఏళ్ళు దాటిన తరువాత వచ్చే ఆల్జీమర్స్ వ్యాధిలో అత్యధిక భాగం ఈ కోవకు చెందినదే. అపోఇ ఈ రెండవ విధానికి ప్రసిద్ధమైన ఉదాహరణ.

అపోఇ మూడు రూపాలు

అపోఇ ప్రోటీను 299 అమైనో ఆమ్లాల గొలుసు. మూడు రూపాల మధ్య తేడా ఈ గొలుసులో 112వ, 158వ స్థానాలలో మాత్రమే ఉన్నది.

ఇ2: రెండు స్థానాలలోను సిస్టీన్ ఉంటుంది.
ఇ3: 112వ స్థానంలో సిస్టీన్, 158వ స్థానంలో ఆర్జినిన్ ఉంటాయి.
ఇ4: రెండు స్థానాలలోను ఆర్జినిన్ ఉంటుంది.

అంటే ఇ3కి, ఇ4కి మధ్య గల తేడా ఒకే ఒక్క అమైనో ఆమ్లం. డీఎన్‌ఏలో చూస్తే అది కూడా ఒకే ఒక్క అక్షరం, టి ఉండవలసిన చోట సి ఉండడం.

ప్రపంచం మొత్తం మీద సగటున జన్యు ప్రతులలో సుమారు 78 శాతం ఇ3, 14 శాతం ఇ4, 8 శాతం ఇ2 రూపాలు. ప్రతి మనిషిలోను రెండు ప్రతులు ఉంటాయి కాబట్టి ఇ2-ఇ2, ఇ2-ఇ3, ఇ2-ఇ4, ఇ3-ఇ3, ఇ3-ఇ4, ఇ4-ఇ4 అనే ఆరు జన్యురూపాలు సాధ్యం. వీటిలో ఇ3-ఇ3 అందరికంటె ఎక్కువ మందిలో కనిపిస్తుంది. ఇ4-ఇ4 ఉన్నవారు నూటికి ఇద్దరు ముగ్గురికి మించరు.

ఇ4 అనేది కొత్తగా వచ్చిన దోషం కాదు. మూడింటిలో అదే ప్రాచీనమైనదని, ఇ3, ఇ2 తరువాత కాలంలో పుట్టాయని శాస్త్రవేత్తల అభిప్రాయం. చింపాంజీలలో కూడా ఈ రెండు స్థానాలలో ఆర్జినినే ఉన్నది. హాని చేసే రూపం ఇన్ని తరాలుగా ఎందుకు నిలిచి ఉన్నదనే ప్రశ్నకు, అంటురోగాలు ఎక్కువగా ఉన్న పరిసరాలలో బాల్యంలోను, యౌవనంలోను దాని వలన కొంత మేలు జరిగి ఉండవచ్చునని కొందరు సమాధానం చెబుతున్నారు. బొలీవియా అడవులలో నివసించే త్సిమానే ప్రజలపై 2017లో ప్రచురించిన పరిశీలనలో, పరాన్నజీవుల బెడద ఎక్కువగా ఉన్నవారిలో ఇ4 గలవారి జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి తక్కువగా లేకపోగా కొంత మెరుగ్గానే కనిపించాయి. ఇ2 కూడా అన్ని విధాలా మంచిదని చెప్పడానికి వీలులేదు. రెండు ప్రతులూ ఇ2 అయినవారిలో కొద్దిమందికి రక్తంలో కొవ్వు విపరీతంగా పెరిగే వ్యాధి వస్తుంది. అందువలన జన్యు రూపాలను మంచివి, చెడ్డవి అని విడదీయడం అన్ని వేళలా సరికాదు.

ఆవిష్కరణ

అపోఇ ప్రోటీను 1970వ దశకంలోనే కొలెస్టరాల్, గుండె జబ్బుల పరిశోధకులకు తెలుసు. దానికి మెదడు వ్యాధితో సంబంధం ఉండవచ్చునని అప్పట్లో ఎవరూ అనుకోలేదు.

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఆలెన్ రోజెస్ నాయకత్వంలోని బృందం, వృద్ధాప్యంలో ఆల్జీమర్స్ వచ్చిన కుటుంబాలను పరిశీలించి, వ్యాధికి సంబంధించిన జన్యువు 19వ క్రోమోజోముపై ఉండవచ్చునని 1991లో ప్రకటించింది. అప్పటికి పరిశోధకుల దృష్టి అంతా 21వ క్రోమోజోముపై ఉండడం వలన ఈ మాటను చాలామంది నమ్మలేదు. అదే బృందంలోని వారెన్ స్ట్రిట్‌మాటర్ అమైలాయిడ్‌ను అంటిపెట్టుకునే ప్రోటీనుల కోసం వెదకగా అపోఇ బయటపడింది. దాని జన్యువు 19వ క్రోమోజోముపైనే ఉండడంతో రెండు దారులూ ఒక చోట కలిశాయి.

1993లో ఈ బృందం వెలువరించిన ఫలితాలు ప్రసిద్ధమైనవి. ఎలిజబెత్ కార్డర్, ఇతరులు 42 కుటుంబాలను పరిశీలించారు. ఆ కుటుంబాలలో ఇ4 ప్రతుల సంఖ్య సున్నా నుండి రెండుకు పెరిగే కొద్దీ వ్యాధి వచ్చే అవకాశం 20 శాతం నుండి 90 శాతానికి పెరిగింది. వ్యాధి మొదలయ్యే సగటు వయస్సు 84 నుండి 68 ఏళ్ళకు తగ్గింది.

ఈ 90 శాతం అనే అంకెను పాఠకులు జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ఆ 42 కుటుంబాలు ఒకరికి మించి రోగులు ఉన్నందువలన ఎంపిక చేసినవి. వారిలో ఇతర ముప్పులు కూడా ఉండి ఉండవచ్చు. సాధారణ జనానికి ఆ అంకె వర్తించదని తరువాతి పరిశోధనలు తేల్చాయి.

ముప్పు ఎంత?

1997లో అనేక పరిశోధనల సమాచారాన్ని కలిపి లెక్కించినప్పుడు, ఐరోపా సంతతి వారిలో ఇ3-ఇ3 గలవారితో పోల్చగా ఒక ఇ4 ప్రతి (ఇ3-ఇ4) గలవారికి ముప్పు సుమారు 3 రెట్లు, రెండు ఇ4 ప్రతులు గలవారికి సుమారు 15 రెట్లు అని తేలింది. ఇ2-ఇ3 గలవారికి ముప్పు దాదాపు 40 శాతం తక్కువ.

"15 రెట్లు" అనే మాట వినడానికి భయం కలిగిస్తుంది. కాని దేనికి 15 రెట్లు అన్నది తెలియనిదే ఆ మాటకు అర్థం లేదు. అందువలన నూరుమందిలో ఎందరికి అని చూడడం మేలు. 2011లో ప్రచురించిన ఒక అంచనా ప్రకారం, జన్యురూపంతో నిమిత్తం లేకుండా చూస్తే 85 ఏళ్ళ వయస్సు నాటికి ఆల్జీమర్స్ వచ్చే అవకాశం పురుషులలో నూటికి 11, స్త్రీలలో నూటికి 14. ఇ3-ఇ4 గల పురుషులలో ఇది 23, స్త్రీలలో 30. ఇ4-ఇ4 గల పురుషులలో 51, స్త్రీలలో 60.

ఈ అంకెలను రెండవ వైపు నుండి కూడా చదవాలి. ఒక ఇ4 ప్రతి ఉన్న నూరుగురు స్త్రీలలో 70 మందికి 85 ఏళ్ళ వరకు ఈ వ్యాధి రాదు. రెండు ప్రతులు ఉన్నవారిలో కూడా నూటికి 40 నుండి 49 మంది ఆ వయస్సు వరకు వ్యాధి లేకుండా ఉండగలరు. మరోవైపు ఆల్జీమర్స్ రోగులలో కనీసం ఒక ఇ4 ప్రతి ఉన్నవారు సుమారు 40 నుండి 65 శాతం మాత్రమే. మిగిలినవారికి ఇ4 లేకుండానే వ్యాధి వచ్చింది.

రెండు ప్రతుల విషయంలో చర్చ ఇంకా ముగియలేదు. ఇ4-ఇ4 గలవారిలో 65 ఏళ్ళు దాటిన దాదాపు అందరి మెదళ్ళలోను అమైలాయిడ్ మార్పులు కనిపిస్తున్నాయని, దీనిని ఒక ప్రత్యేకమైన జన్యు వ్యాధిగానే పరిగణించాలని 2024లో కొందరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. మెదడులో మార్పు ఉన్న ప్రతివారికీ మతి తప్పదు కాబట్టి ఆ పేరు తొందరపాటు అవుతుందని మరికొందరి వాదన.

మెదడులో అపోఇ పని

శరీరంలో అపోఇ ప్రోటీను ఎక్కువగా కాలేయంలో తయారవుతుంది. రక్తంలోని అపోఇ మెదడులోకి ప్రవేశించలేదు కాబట్టి మెదడు తనకు కావలసినది తానే తయారు చేసుకుంటుంది. ముఖ్యంగా ఆస్ట్రోసైట్లు అనే నక్షత్రాకారపు కణాలు ఈ పని చేస్తాయి. నాడీకణాల పొరల మరమ్మతుకు, కణాల మధ్య కొత్త సంధుల నిర్మాణానికి కొలెస్టరాల్ అవసరం. దానిని చేరవేసేది అపోఇ.

మెదడులో నిత్యం తయారయ్యే అమైలాయిడ్-బీటాను తొలగించడంలో కూడా అపోఇకి పాత్ర ఉన్నది. ఇ4 రూపం ఈ పనిని తక్కిన రెండు రూపాలంత సమర్థంగా చేయలేదు. అమైలాయిడ్ ముందుగానే పేరుకోవడం మొదలవుతుంది. కొవ్వుల రవాణాలో లోపం, మెదడులో వాపు, రక్తనాళాల గోడలు బలహీనపడడం కూడా ఇ4 వలన జరుగుతాయని పరిశోధనలు సూచిస్తున్నాయి. ఇవన్నీ దశాబ్దాలపాటు నెమ్మదిగా సాగే మార్పులు. అందుకే వయస్సు పెరిగే వరకు తేడా పైకి కనిపించదు.

ప్రాంతాన్ని బట్టి మారే ప్రభావం

ఒకే జన్యు రూపం అన్ని ప్రజలలోను ఒకే ప్రభావం చూపదు. 1997 నాటి లెక్కలలోనే ఇ4 ప్రభావం జపాను వారిలో ఎక్కువగాను, ఆఫ్రికా సంతతి అమెరికన్లలో తక్కువగాను కనిపించింది. నైజీరియాలోని ఇబాదాన్ నగరంలో యోరుబా ప్రజలలో ఇ4 విరివిగా ఉన్నప్పటికీ, వ్యాధితో దానికి గల సంబంధం లేదన్నంత బలహీనంగా ఉన్నది. అపోఇ చుట్టుపక్కల ఉన్న డీఎన్‌ఏ భాగం ఆఫ్రికా నుండి వచ్చినదైతే ఇ4 వలన కలిగే ముప్పు తక్కువగా ఉంటుందని 2018లో వెలువడిన పరిశోధన సూచించింది.

భారతదేశానికి సంబంధించి హర్యానాలోని బల్లబ్‌గఢ్ గ్రామీణ ప్రాంతంలో జరిగిన పరిశీలన ముఖ్యమైనది. భారత, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి చేసిన ఈ పరిశీలన ఫలితాలు 2000లో వచ్చాయి. బల్లబ్‌గఢ్‌లో ఇ4 ప్రతులు 7 శాతం కాగా, అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో పోలికకు తీసుకున్న ప్రాంతంలో అవి 11 శాతం. ఆల్జీమర్స్ రోగుల సంఖ్య కూడా బల్లబ్‌గఢ్‌లో తక్కువ. అయితే ఇ4కి, వ్యాధికి మధ్య గల సంబంధపు బలం రెండు చోట్లా దాదాపు సమానమే.

ముప్పు అంకెలలో ఎక్కువ భాగం ఐరోపా సంతతి వారి నుండి సేకరించినవే. వాటిని తెలుగువారికి గాని, ఇతర భారతీయులకు గాని యథాతథంగా వర్తింపజేయడం సరికాదు. 2020లో మొదలైన జీనోమ్ ఇండియా పథకంలో సుమారు 10,000 మంది భారతీయుల జన్యుక్రమాలు సేకరించి, 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. ఇటువంటి సమాచారం ఈ లోటును కొంత తీర్చగలదు. దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి చిత్తవైకల్యం ఉన్నదని 2023లో ప్రచురించిన జాతీయ స్థాయి అంచనా చెబుతున్నది.

ఇతర జన్యువులు, రక్షణ నిచ్చే భేదాలు

అపోఇ తరువాత వ్యాధితో సంబంధం గల జన్యువుల కోసం వేలాది మంది డీఎన్‌ఏను పోల్చి చూసే పద్ధతి వచ్చింది. 2009లో క్లస్టెరిన్, పికామ్, సీఆర్1 అనే జన్యువులు, 2013లో మెదడు రోగనిరోధక కణాలకు చెందిన ట్రెమ్2 జన్యువు బయటపడ్డాయి. 2022 నాటి విశ్లేషణలో ఇటువంటి స్థానాల సంఖ్య 75కు చేరింది. వీటిలో చాలావరకు ఒక్కొక్కటి ముప్పును చాలా స్వల్పంగా మాత్రమే మారుస్తుంది.

జన్యు భేదాలు ముప్పును పెంచేవే కావు, తగ్గించేవి కూడా ఉన్నాయి. ఏపీపీ జన్యువులోని ఒక అరుదైన మార్పు ఆల్జీమర్స్ నుండి రక్షిస్తున్నదని 2012లో ఐస్‌లాండ్ ప్రజలలో కనుగొన్నారు.

కొలంబియా దేశపు ఆంటియోక్వియా ప్రాంతంలోని ఒక పెద్ద వంశం కథ ఇంకా ఆశ్చర్యకరమైనది. సుమారు 6,000 మంది గల ఈ వంశంలో అనేకులకు ప్రెసెనిలిన్-1 మార్పు ఉన్నది. అది ఉన్నవారికి నలభైలలోనే జ్ఞాపకశక్తి క్షీణించడం మొదలవుతుంది. వైద్యుడు ఫ్రాన్సిస్కో లోపెరా 1980వ దశకం నుండి 2024లో మరణించే వరకు ఈ వంశాన్ని పరిశీలించాడు. వారిలో ఒక స్త్రీకి ఈ మార్పు ఉండి కూడా డెబ్భై ఏళ్ళు దాటే వరకు మతి చెడలేదు. మెదడు నిండా అమైలాయిడ్ ఉన్నది, కాని టౌ ముడులు తక్కువ. ఆమెలోని అపోఇ-3 రెండు ప్రతులలోను 136వ స్థానంలో ఆర్జినిన్ బదులు సెరీన్ ఉన్నదని 2019లో వెల్లడించారు. మొదట గుర్తించిన న్యూజిలాండ్ నగరం పేరు మీదుగా దీనిని క్రైస్ట్‌చర్చ్ భేదం అంటారు. దీని ఒక్క ప్రతి ఉన్న 27 మందిలో కూడా వ్యాధి సగటున సుమారు ఐదేళ్ళు ఆలస్యమైనదని 2024లో తేలింది. తప్పక వస్తుందనుకున్న వ్యాధిని సైతం మరొక జన్యు భేదం మూడు దశాబ్దాలు వెనుకకు నెట్టగలదని ఈ ఉదంతం నిరూపించింది.

జన్యువులు కాని అంశాలు

స్వీడన్‌లోని కవలలపై 2006లో వచ్చిన పరిశీలన, ఆల్జీమర్స్ వచ్చే అవకాశంలో మనిషికి మనిషికి గల తేడాలలో 58 నుండి 79 శాతం వరకు జన్యు భేదాల వలన కలుగుతున్నదని అంచనా వేసింది. ఇది జనసమూహానికి చెందిన లెక్క. ఒక వ్యక్తి వ్యాధిలో ఇంత భాగం జన్యువులది, ఇంత భాగం అలవాట్లది అని విడదీయడానికి ఇది పనికిరాదు. అచ్చుగుద్దినట్లు ఒకే జన్యువులు గల కవలలలో కూడా ఒకరికి వ్యాధి వచ్చి మరొకరికి రాకపోవడం, లేదా ఏళ్ళ తేడాతో రావడం జరుగుతున్నది.

ఈ విషయంలో హైదరాబాదుకు ప్రత్యేక స్థానం ఉన్నది. నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో (నిమ్స్) సువర్ణ అల్లాడి, సహచరులు 648 మంది చిత్తవైకల్య రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించారు. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు వంటి భాషలలో రెండు లేదా అంతకు మించి మాట్లాడేవారిలో వ్యాధి, ఒకే భాష మాట్లాడేవారితో పోల్చితే సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైంది. బడికి వెళ్ళని నిరక్షరాస్యులలోను ఈ తేడా కనిపించింది కాబట్టి ఇది కేవలం చదువు ప్రభావం కాదని వారు వివరించారు.

లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో, మార్చుకోవడానికి వీలున్న 14 అంశాలను పేర్కొన్నది. రక్తపోటు, మధుమేహం, వినికిడి లోపం, దృష్టి లోపం, చెడు కొలెస్టరాల్, పొగత్రాగడం, అతిగా మద్యం సేవించడం, స్థూలకాయం, వ్యాయామం లేకపోవడం, తలకు దెబ్బలు, కుంగుబాటు, ఒంటరితనం, వాయు కాలుష్యం, బాల్యంలో చదువు లేకపోవడం ఆ పద్నాలుగు. వీటన్నిటినీ తొలగించగలిగితే ప్రపంచంలోని చిత్తవైకల్యంలో సుమారు 45 శాతాన్ని నివారించడం గాని, ఆలస్యం చేయడం గాని సాధ్యమని ఆ సంఘం అంచనా.

జన్యు పరీక్ష

రక్తం లేదా లాలాజలం నుండి అపోఇ రూపాన్ని తెలుసుకోవచ్చు. ఈ పరీక్ష వ్యాధి ఉన్నదో లేదో చెప్పదు, ఎప్పుడు వస్తుందో కూడా చెప్పదు. అందువలన లక్షణాలు లేనివారికి దీనిని మామూలు పరీక్షగా వైద్య సంఘాలు సిఫారసు చేయడం లేదు. చేయించుకోదలచినవారు ముందుగా జన్యు సలహాదారుతో మాట్లాడడం మంచిది. ఎందుకంటే ఒకరి ఫలితం ఆ ఒక్కరిదే కాదు. తండ్రికి రెండు ఇ4 ప్రతులు ఉన్నాయంటే పిల్లలందరికీ కనీసం ఒక ఇ4 ప్రతి ఉన్నట్లే, వారు తెలుసుకోవాలనుకున్నా, అనుకోకపోయినా.

డీఎన్‌ఏ నిర్మాణాన్ని కనుగొన్నవారిలో ఒకరైన జేమ్స్ వాట్సన్ 2007లో తన జన్యుక్రమాన్ని లోకానికి బహిర్గతం చేస్తూ అపోఇ భాగాన్ని మాత్రం దాచమని కోరాడు. ఆ వివరం తనకు కూడా తెలియవద్దన్నాడు. పొరుగున ఉన్న డీఎన్‌ఏ గుర్తులను బట్టి దాచిన భాగాన్ని ఊహించవచ్చునని ఇతర శాస్త్రవేత్తలు హెచ్చరించగా, చుట్టుపక్కల భాగాన్ని కూడా తొలగించవలసి వచ్చింది.

తెలుసుకుంటే మనసు కుంగిపోతుందా అన్నదానిపై కూడా పరిశోధన జరిగింది. ఆల్జీమర్స్ రోగుల పిల్లలు 162 మందితో అమెరికాలో జరిగిన ప్రయోగం ఫలితాలు 2009లో వెలువడ్డాయి. సరైన సలహాతో ఫలితం తెలుసుకున్నవారిలో ఆందోళన, కుంగుబాటు చెప్పుకోదగినంతగా పెరగలేదు. అయితే వీరు స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారని గమనించాలి.

ఫలితం ఇతరుల చేతిలో పడితే కలిగే నష్టం వేరు. అమెరికాలో 2008 నాటి చట్టం, ఆరోగ్య బీమాలోను ఉద్యోగాలలోను జన్యు సమాచారం ఆధారంగా వివక్ష చూపడాన్ని నిషేధించింది. జీవిత బీమా, దీర్ఘకాల సంరక్షణ బీమా దాని పరిధిలోకి రావు. మన సమాజంలో పెళ్ళి సంబంధాల సమయంలో "ఆ వంశంలో మతి చెడే జబ్బు ఉన్నది" అనే మాట ఒక ఇంటి పిల్లలందరినీ బాధించగలదు. ముప్పును పెంచే భేదాన్ని వంశానికి అంటిన మచ్చగా భావించడానికి శాస్త్రంలో ఆధారం లేదు. సుమారు నలుగురిలో ఒకరికి ఉండే రూపం ఏ ఒక్క వంశానికో పరిమితమైనది కాదు.

చికిత్సలో ప్రాధాన్యం

ఒక సందర్భంలో మాత్రం అపోఇ పరీక్షకు నేరుగా ప్రయోజనం ఉన్నది. మెదడులోని అమైలాయిడ్‌ను తొలగించే లెకానెమాబ్ (2023), డొనానెమాబ్ (2024) అనే మందులకు అమెరికాలో అనుమతి లభించింది. వ్యాధి తొలిదశలో ఉన్నవారిలో ఇవి క్షీణతను కొంత నెమ్మదింపజేస్తాయి, పూర్తిగా నయం చేయవు. వీటి వలన కొందరిలో మెదడు వాపు, రక్తస్రావం కలుగుతాయి. లెకానెమాబ్ ప్రయోగంలో ఇ4 లేనివారిలో 5.4 శాతం మందికి, ఒక ప్రతి ఉన్నవారిలో 10.9 శాతం మందికి, రెండు ప్రతులు ఉన్నవారిలో 32.6 శాతం మందికి ఇటువంటి వాపు కనిపించింది. అందుచేత మందు మొదలుపెట్టే ముందు అపోఇ రూపాన్ని తెలుసుకోవడం మంచిదని వైద్యులు సూచిస్తారు.

వ్యాధిగ్రస్తుల సంతానం తెలుసుకోవలసినవి

వృద్ధాప్యంలో తల్లికి లేదా తండ్రికి ఆల్జీమర్స్ వచ్చినంత మాత్రాన పిల్లలకు తప్పక వస్తుందని అర్థం కాదు. ముప్పు ఇతరులకంటె కొంత ఎక్కువ, అంతే. కుటుంబంలో రెండు మూడు తరాలుగా 65 ఏళ్ళ లోపే వ్యాధి వస్తూ ఉంటే అది అరుదైన మొదటి రకం కావచ్చు. అటువంటివారు జన్యు నిపుణులను సంప్రదించడం అవసరం.

ఇ4 ఉన్నదని తెలిసినవారికి గాని, తెలియనివారికి గాని వైద్యులు ఇచ్చే సలహా ఒక్కటే: రక్తపోటును, మధుమేహాన్ని అదుపులో ఉంచుకోవడం, నడక, వినికిడి తగ్గితే సరిచేయించుకోవడం, నలుగురితో కలిసి ఉండడం, మెదడుకు పని కల్పించడం. ఫిన్లాండ్‌లో ముప్పు ఎక్కువగా ఉన్న 1,260 మంది వృద్ధులపై రెండేళ్ళపాటు జరిపిన ప్రయోగంలో (2015) ఆహారం, వ్యాయామం, మెదడుకు శిక్షణ, రక్తనాళాల ఆరోగ్యంపై శ్రద్ధ కలిసి ఆలోచనాశక్తిని కాపాడాయి. ఈ ప్రయోజనం ఇ4 ఉన్నవారికి కూడా కలిగిందని 2018లో చేసిన విశ్లేషణలో తేలింది. పుట్టుకతో వచ్చిన అక్షరాన్ని ఎవరూ మార్చుకోలేరు. ఆ అక్షరం ఎంతవరకు ఫలిస్తుందన్నది మాత్రం దానితోపాటు ఉన్న ఇతర జన్యువుల మీద, జీవించే పరిసరాల మీద, జీవన విధానం మీద కూడా ఆధారపడి ఉంటుంది.